చక్రాల మధ్య పంపకం

కర్ణాటకలో తుంగభద్ర కాలువల కింద, సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు రైతులు వరి నాట్లకు ముందు ట్రాక్టరుతో దమ్ము చేస్తారు. మడి అంతా బురదగా ఉంటుంది. ఒక్కోసారి ట్రాక్టరు వెనుక చక్రాల్లో ఒకటి మెత్తని చోట దిగబడుతుంది. డ్రైవరు ఎంత వేగం పెంచినా దిగబడిన చక్రమే గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంది. గట్టి నేల మీద ఉన్న రెండో చక్రం మాత్రం కదలదు. లాగగలిగిన చక్రం ఊరక నిలబడి, లాగలేనిది తిరగడం చూసేవారికి వింతగా ఉంటుంది. అనుభవం ఉన్న డ్రైవరు అప్పుడు మడమతో ఒక చిన్న పెడలు నొక్కుతాడు. రెండు చక్రాలూ కలిసి తిరగడం మొదలుపెట్టి, ట్రాక్టరు బయటపడుతుంది.

ఆ పెడలు ఏం చేసిందో తెలియాలంటే వెనుక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప పెట్టె లోపల ఏముందో తెలుసుకోవాలి. ఆ పెట్టెలో ఉండేదే డిఫరెన్షియల్.

ఏ బండి అయినా మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. బండి ఒక పూర్తి వలయం తిరిగి వస్తే బయటి చక్రం 2 × 3.14 × 1.5, అంటే దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ ప్రయాణం చేస్తుంది. వలయం పెద్దదైనా, చిన్నదైనా ఈ తేడా మారదు. వృత్త పరిధి సూత్రం తెలిసిన విద్యార్థి ఎవరైనా కాగితం మీద లెక్క వేసి చూసుకోవచ్చు. వీధి మూల దగ్గర సమకోణంగా తిరిగితే తేడా ఇందులో నాలుగో వంతు, అంటే సుమారు 2.36 మీటర్లు.

ఎద్దుల బండికి ఈ తేడాతో చిక్కు లేదు. లాగేవి ఎద్దులు, రెండు చక్రాలూ ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. ఇంజను చక్రాలనే తిప్పే బండికి చిక్కు వస్తుంది. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఏదో ఒక చక్రం నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోక తప్పదు. సైకిలు రిక్షాల్లో చాలావాటికి గొలుసు బలం వెనుక చక్రాల్లో ఒకదానికే అందుతుంది, రెండోది వట్టిగా తిరుగుతుంది. అది చవకైన ఉపాయం. బరువైన బండికి అది చాలదు. ఫ్రాన్సులో ఓనెసిఫోర్ పెక్యూర్ అనే గడియారాల పనివాడు 1827లో ఆవిరి బండి కోసం ఆలోచించిన పళ్ళచక్రాల అమరికే నేటి డిఫరెన్షియల్‌కు మూలం. 1877లో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో జేమ్స్ స్టార్లీ మూడు చక్రాల సైకిలుకు ఇటువంటి అమరికనే వాడాడు.

పెట్టె లోపల పెద్ద పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. దాన్ని మెకానిక్కులు క్రౌన్ వీల్ అంటారు. ఇంజను నుంచి వచ్చే పొడవాటి కడ్డీ దీన్ని తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు ఒక గూడు బిగించి ఉంటుంది. గూటికి అడ్డంగా ఒక పిన్ను, ఆ పిన్ను మీద రెండు చిన్న స్టార్ పినియన్లు ఉంటాయి. వీటికి రెండు పక్కలా సన్ గేర్లు అనే మరో రెండు పళ్ళచక్రాలు ఆనుకొని ఉంటాయి. ఒక్కో సన్ గేరు నుంచి ఒక్కో చక్రానికి ఇరుసు కడ్డీ పోతుంది. బండి తిన్నగా పోయేటప్పుడు స్టార్ పినియన్లు తమ పిన్ను మీద తిరగవు. అన్నీ ఒకే ముద్దలా గూటితో పాటు తిరుగుతాయి. మలుపులో మాత్రం అవి కాస్త కాస్త తిరిగి ఒక చక్రాన్ని నెమ్మదింపజేసి, అంతే మేరకు రెండోదాన్ని తొందరపెడతాయి.

స్టార్ పినియన్ పంచే తీరును ఒక కర్రతో పోల్చవచ్చు. కర్రను అడ్డంగా, సరిగ్గా మధ్యలో పట్టుకొని, దాని రెండు కొసలతో రెండు పెట్టెలను ముందుకు నెట్టాలి. రెండు పెట్టెలూ ఒకే బరువైతే రెండూ కదులుతాయి. ఒకటి బరువైనది, మరొకటి ఖాళీది అయితే కర్ర పక్కకు తిరిగిపోతుంది. ఖాళీ పెట్టె ముందుకు పోతుంది, బరువు పెట్టె ఉన్నచోటే ఉంటుంది. ఖాళీ పెట్టె ఎంత ఎదురు నిలిచిందో అంత బలమే రెండో కొసకూ అందుతుంది. డిఫరెన్షియల్ కూడా తిప్పే బలాన్ని రెండు పక్కలకూ ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. బురదలో ఉన్న చక్రం 100 పాళ్ళ బలానికే జారిపోతే, గట్టి నేల మీద ఉన్న చక్రానికీ 100 పాళ్ళే దక్కుతాయి. ఇంజను ఎంత గర్జించినా రెండూ కలిపి 200 దాటవు. సమాన పంపకం వల్లే బండి నిలిచిపోయిందన్నమాట.

ట్రాక్టరు పెడలు ఈ పంపకాన్ని కాసేపు రద్దు చేస్తుంది. అది ఒక సన్ గేరును గూటితో కలిపి బిగించేస్తుంది. అప్పుడు రెండు ఇరుసులూ ఒకే కడ్డీ అయినట్టే. బురద నుంచి బయటపడగానే దాన్ని వదిలెయ్యాలి. వదలకుండా గట్టి నేల మీద మలుపు తిప్పితే ట్రాక్టరు సరిగా తిరగదు, ఇరుసు భాగాలు విరిగే ప్రమాదమూ ఉంది.

రోడ్డు మీద వేగంగా పోయే కారులో ఇలా మాటిమాటికీ పెడలు నొక్కడం, వదలడం కుదరదు. పూర్తిగా వదిలెయ్యకుండా, పూర్తిగా బిగించకుండా, దానంతట అదే కొంతమేరకు పట్టి నిలిపే సాధనం కావాలి. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే ఆటో యూనియన్ కంపెనీ కోసం పందెం కారును రూపొందించినప్పుడు ఈ అవసరం బాగా తెలిసివచ్చింది. ఆ ఇంజను బలానికి గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కూడా వెనుక చక్రాల్లో ఒకటి జారి తిరిగేది. 1935లో ఆయన జెడ్.ఎఫ్. అనే పళ్ళచక్రాల కంపెనీకి ఈ పని అప్పగించాడు. అలా తయారైనది పరిమిత జారుడు డిఫరెన్షియల్. అమెరికాలో మామూలు జనం కొనే కార్లలోకి ఇది 1956లో స్టూడీబేకర్-ప్యాకార్డ్ కంపెనీ ద్వారా వచ్చింది.

ఇందులో ఎక్కువగా వాడే రకంలో సన్ గేరుకూ గూటికీ మధ్య పలుచని గుండ్రటి పలకల దొంతర ఉంటుంది. పలకలు రెండు జాతులు. ఒక జాతి పలకలకు లోపలి అంచున పళ్ళుంటాయి. అవి సన్ గేరు మెడకు పట్టుకొని దానితో పాటు తిరుగుతాయి. రెండో జాతి పలకలకు బయటి అంచున చెవుల వంటి కొసలుంటాయి. అవి గూటి గాళ్ళలో కూర్చొని గూటితో పాటు తిరుగుతాయి. దొంతరను ఒక స్ప్రింగు నొక్కి ఉంచుతుంది. ఇంజను బలం పెరిగినప్పుడు స్టార్ పినియన్లు సన్ గేర్లను బయటికి నెడతాయి. అప్పుడు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఒక చక్రం రెండోదానికంటే వేగంగా తిరగాలంటే ఈ పలకలు ఒకదాని మీద ఒకటి రాసుకోవాలి. ఆ ఘర్షణ పంపకాన్ని మారుస్తుంది. పలకలు 250 పాళ్ళ బలాన్ని పట్టి నిలపగలవనుకుంటే, బురద చక్రానికి 100 దక్కినప్పుడు గట్టి నేల చక్రానికి 350 దక్కుతాయి. మొత్తం 200 ఉన్నది 450 అవుతుంది. బండి కదులుతుంది.

ఇక్కడ అసలు రహస్యం పలకల వరుసలో ఉంది. చెవుల పలకలు నాలుగు, పళ్ళ పలకలు నాలుగు ఉన్నాయనుకుందాం. గూటి గోడ వైపు నుంచి ఒక చెవుల పలక, ఒక పళ్ళ పలక, మళ్ళీ ఒక చెవుల పలక, ఇలా మార్చి మార్చి పేర్చితే రాసుకునే ముఖాలు ఏడు. అవే ఎనిమిదింటిని రెండు చెవులవి, రెండు పళ్ళవి, మళ్ళీ రెండు చెవులవి, రెండు పళ్ళవిగా పేర్చితే రాసుకునే ముఖాలు మూడే. ఒకే జాతి పలకలు పక్కపక్కన ఉంటే అవి కలిసి తిరుగుతాయి, వాటి మధ్య రాపిడి ఉండదు. నొక్కే బలం అదే, పలకలు అవే, దొంతర మందమూ అదే. పట్టు మాత్రం రెండు రెట్లకు పైగా మారిపోయింది. ఒక్క కొత్త సామాను కొనకుండా, వరుస మార్చి ఇంత తేడా తేవచ్చు. పందేల కోసం తయారయ్యే డిఫరెన్షియళ్ళలో ఈ వీలును తయారీదారులే కల్పిస్తారు.

దీన్ని తరగతి గదిలో పరీక్షించవచ్చు. ఎనిమిది పోస్టుకార్డులు తీసుకోవాలి. నాలుగింటిని ఒకరు, నాలుగింటిని ఎదురుగా కూర్చున్న మరొకరు కొసల దగ్గర పట్టుకోవాలి. మొదట నాలుగు కార్డుల కట్ట మీద మరో నాలుగు కార్డుల కట్ట ఉంచి, పైన ఒక ఇటుక పెట్టి లాగాలి. సులువుగా జారి వస్తుంది. రాసుకున్నది ఒక్క ముఖమే. తరువాత కార్డులను ఒకటి విడిచి ఒకటి ఇరికించి, అదే ఇటుక పెట్టి లాగాలి. ఇప్పుడు ఏడు ముఖాల్లో ప్రతిదాని మీదా ఇటుక బరువు పూర్తిగా పడుతుంది. స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే తేడా అంకెల్లోనే కనబడుతుంది.

అమెరికాలో పాత కార్ల మీద మోజున్నవారు చాలామంది ఇంటి షెడ్డులోనే ఈ పెట్టె విప్పి బాగుచేసుకుంటారు. అక్కడ మెకానిక్కు కూలి ఎక్కువ; పైగా చేత్తో చేసుకోవడం ఒక సరదా. వారిలో బాగా పరిచయమైనది ఫోర్డ్ మస్టాంగ్ కారు వెనుక ఇరుసు. 1986 నుంచి 2014 వరకు ఆ కారుకు వాడిన ఈ ఇరుసులో క్రౌన్ వీల్ వ్యాసం 8.8 అంగుళాలు. దీనికి అమర్చే పలకల డిఫరెన్షియల్‌కు ట్రాక్షన్-లాక్ అని పేరు. ఏళ్ళు గడిచేకొద్దీ పలకల మీది పూత అరిగిపోతుంది. అప్పుడు కారు ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు రోడ్డు మీద రెండు నల్లటి చారలకు బదులు ఒకటే పడుతుంది. అదే జబ్బుకు గుర్తు.

ఈ ఇరుసులో ఒక సౌకర్యముంది. క్రౌన్ వీల్‌నూ గూటినీ ఇరుసు పెట్టె నుంచి బయటికి తియ్యకుండానే, గూటి కిటికీల్లోంచి పలకలను తీసి పెట్టవచ్చు. గూటినే తీస్తే క్రౌన్ వీల్‌కూ దాన్ని తిప్పే పినియన్‌కూ మధ్య పళ్ళ సందును మళ్ళీ సరిచూడాలి. దానికి ప్రత్యేకమైన కొలత సాధనాలు, చెయ్యి తిరిగిన పనితనం కావాలి. గూడు కదలకపోతే ఆ బాధ లేదు. ఇంట్లో చేసేవారికి ధైర్యం ఇచ్చేది ఇదే.

కారు వెనుక భాగాన్ని ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలిపి పని మొదలుపెడతారు. మూత బోల్టులు వదులు చెయ్యగానే లోపలి నూనె కారుతుంది. అందులో గంధకం కలిసిన మందులు ఉండడం వల్ల ఘాటైన వాసన వస్తుంది. బట్టలకు అంటితే ఒక పట్టాన పోదు. గూటి అడ్డపిన్నును కదలకుండా పట్టి ఉంచే సన్నని బోల్టును విప్పి, పిన్ను బయటికి లాగుతారు. ఇరుసు కడ్డీలను కాస్త లోపలికి నెడితే వాటి కొసలకున్న సి ఆకారపు క్లిప్పులు రాలతాయి. అప్పుడు ఇరుసులు బయటికి వస్తాయి. సన్ గేర్ల మధ్య ఎస్ ఆకారంలో బలమైన స్ప్రింగు బిగుసుకొని ఉంటుంది. ఇది నొక్కుకొని ఉన్న స్ప్రింగు గనుక బయటపడేటప్పుడు ముఖం మీదికి ఎగరగలదు. కళ్ళద్దాలు లేకుండా ఈ పని చెయ్యకూడదు. స్ప్రింగు వచ్చాక స్టార్ పినియన్లను దొర్లించి కిటికీలోంచి తీస్తారు. వాటి వెనుకే పలకల దొంతరలు చేతికి వస్తాయి. ఎడమ దొంతరనూ కుడి దొంతరనూ కలపకుండా, తీసిన వరుసలోనే గుడ్డ మీద పరిచి పెట్టుకోవాలి.

కొత్త పలకలను పొడిగా పేర్చరాదు. నూనెలో కనీసం అరగంటైనా నానబెట్టాలి. ఆ నూనెలో ఘర్షణ తీరును సరిచేసే ఒక ద్రవం కూడా కలపాలి. ఈ ఇరుసుకు దాని మోతాదు నాలుగు ఔన్సులు, అంటే సుమారు 118 మిల్లీలీటర్లు. జారడం మొదలుకాక ముందు ఉండే స్థైతిక ఘర్షణ, జారుతున్నప్పుడు ఉండే ఘర్షణ కంటే ఎక్కువని భౌతిక శాస్త్ర పాఠంలో ఉంది. ఈ రెంటికీ తేడా ఎక్కువైతే పలకలు పట్టుకోవడం, విడవడం, మళ్ళీ పట్టుకోవడంగా అదురుతాయి. మలుపుల్లో వెనుక నుంచి గరగరమనే చప్పుడు వస్తుంది. ఆ ద్రవం ఈ తేడాను తగ్గిస్తుంది. ఎక్కువ పోస్తే పట్టే తగ్గుతుంది.

వరుస మార్చాలనుకునేవారు ఆగి ఆలోచించవలసింది ఇక్కడే. పట్టు పెరిగితే మేలే కదా అనిపిస్తుంది. కాని మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారు తడి రోడ్డు మీద జారినప్పుడు వెనుక చక్రాల్లో ఒకటి తిరిగినా, రెండోది నేలను పట్టుకొని కారు తోకను పక్కకు పోనివ్వదు. రెండు చక్రాలూ గట్టిగా జోడుపడి ఉంటే రెండూ ఒకేసారి పట్టు వదులుతాయి. తోక పక్కకు తిరిగిపోతుంది. వానలో, ఎదురుగా బండ్లు వస్తున్న దారిలో ఇది జరిగితే వరుస మార్చినవాడొక్కడే కాదు, ఎదుటి బండిలో ఉన్నవారూ ప్రమాదంలో పడతారు. పందెపు బాటకు తగిన వరుస బజారు దారికి తగదు. కంపెనీ తక్కువ పట్టు పెట్టిందంటే పిసినారితనంతో పెట్టిందనుకోవడం పొరపాటు. వరుస మార్చడానికి బదులు ఒక పలకను అదనంగా దూర్చేవారూ ఉన్నారు. అప్పుడు దొంతర మందం పెరుగుతుంది. దానికి తగినట్టు పక్కనున్న పలుచని రేకును ఇంకా పలుచనిదానితో మార్చకపోతే స్టార్ పినియన్లు తమ చోటుకు చేరవు, బలవంతంగా చేర్చినా పళ్ళు బిగుసుకుంటాయి.

తిరిగి బిగించేటప్పుడు విప్పిన క్రమానికి సరిగ్గా ఎదురు క్రమం. అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది అడ్డపిన్ను బోల్టు. చూడడానికి వేలెడంత కూడా ఉండదు. కాని అడ్డపిన్ను ఉన్నచోట ఉండడం దాని మీదే ఆధారపడి ఉంది. ఇరుసులు లోపలికి జారి సి క్లిప్పులు ఊడిపోకుండా అడ్డుగా నిలిచేది ఆ పిన్నే. బోల్టు విరిగి పిన్ను జారితే క్లిప్పులు ఊడతాయి. క్లిప్పులు ఊడితే ఇరుసు కడ్డీ చక్రంతో సహా నడుస్తున్న కారు నుంచి బయటికి వచ్చెయ్యవచ్చు. అందుకే పాత బోల్టును మళ్ళీ వాడకుండా కొత్తదానికి మరలు వదలకుండా పట్టే జిగురు పూసి బిగిస్తారు.

పని సరిగా కుదిరిందో లేదో చూడడానికి ఒక చక్రాన్ని నేల మీద ఉంచి, రెండోదాన్ని పైకెత్తి, ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, టార్కు కొలిచే రెంచితో పైనున్న చక్రాన్ని తిప్పుతారు. ఈ ఇరుసుకు కనీసం 27 న్యూటన్-మీటర్ల బలం పడితే గాని చక్రం కదలకూడదు. ఒక చక్రం ఎత్తి ఉన్నప్పుడు ఇంజను స్టార్టు చేసి గేరు వెయ్యడం మాత్రం ప్రాణాంతకం. మామూలు డిఫరెన్షియల్ అయితే గాలిలో ఉన్న చక్రం మాత్రమే తిరుగుతుంది. పలకలది అయితే నేల మీది చక్రానికీ బలం అంది, కారు జాకీ మీద నుంచి ఉరుకుతుంది.

ఆ తరువాత ఖాళీ మైదానంలో, నెమ్మదిగా, ఎనిమిది అంకె ఆకారంలో కారును పలుమార్లు తిప్పుతారు. ఎడమకూ కుడికీ మారి మారి తిరగడం వల్ల రెండు దొంతరల్లోని పలకలూ ఒకదానికొకటి ఒదుగుతాయి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మూత మళ్ళీ తీసి నూనె మార్చడం మంచిది. ఇరుసు పెట్టె అడుగున ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తని నల్లటి పొడి అంటుకొని ఉంటే పలకలు మామూలుగా ఒదుగుతున్నాయని అర్థం. వేలికి గుచ్చుకునే ముక్క ఏదైనా తగిలితే గూటి కిటికీలోకి మళ్ళీ దీపం వేసి చూడవలసిందే.